ఎర్రదొన బండమీద మిగిలిన రాయి

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి బండమీద ఒక్క రాయి మిగిలింది. సుంకులమ్మ దాన్ని చూసి చీర కొంగు నడుముకు బిగించింది.

వానలు మొహం చాటేసి అరవై ఏళ్ళయిన ఆ సీమలో ఎర్రదొన కొండలిప్పుడు ఎడారి జాతీయవనం. కొండెక్కే ప్రతివాడూ మొదట్లో ఉన్న బండమీద ఒక రాయి పెట్టాలి, దిగొచ్చాక తీసేయాలి. రాత్రి గుడారాల్లో పడుకున్నవాళ్ళయినా మర్నాడు ఎండ ముదిరేలోగా దిగిపోవాలి. గొర్రెల కాపరులనాటి పద్ధతి అది. యాత్రికులు నవ్వుకుంటూనే పెడతారు. కావలిమనిషి సుంకులమ్మ పెట్టనిదే కదలనివ్వదు మరి!

వాళ్ళు ఇంత దూరం వచ్చేది 'ఏకాంతి' అనే కళ్ళద్దాల కోసం. అవి పెట్టుకుంటే కొండమీద మరో మనిషి కనిపించడు, వినిపించడు. మనిషి ఉన్నచోట ఏ బండనో ఇసుకనో అతికించి చూపిస్తాయి. రోజుకు రెండువందలమంది ఎక్కినా, ఎవడికి వాడికి కొండంతా తన సొంతమే.

"ఆ రాయి మావారిది," అంది అభిజ్ఞ. నిన్న భార్యాభర్తలు కలిసే వచ్చి విడివిడిగా ఎక్కారు. రాత్రి అతను గుడారానికి రాలేదు. "అద్దాల్లో దారి చెప్పే వనసారథిని అడిగానండీ. ఆయన చేతిపట్టీలో నాడి బాగుంది, శిఖరం దగ్గర ప్రశాంతంగా విశ్రమిస్తున్నారని చెప్పింది. ఆయనకు ఏకాంతం బాగా నచ్చినట్టుంది."

"నచ్చితే దప్పిక కాదా తల్లీ? నిన్న తీసకపోయిన నీళ్ళు ఈపాటికి ఎప్పుడో అయిపోయింటాయి. మీ సారథి ఏమన్నా చెప్పనీ, నా రాయి అబద్ధం చెప్పదు. పా!"

అభిజ్ఞ దారి కోసం అద్దాలు పెట్టుకుంది. సుంకులమ్మకు ఆ అవసరమెప్పుడూ లేదు. ముందుగా శిఖరం చేరి, బండ పక్కన పడివున్న ఆమె భర్త హేమచంద్రను చూసింది. కాలు విరిగింది, అద్దాలు పగిలాయి. నోట్లో నీళ్ళు పోస్తే గుటక వేయడానికే చాలాసేపు పట్టింది.

"ఎంతోమంది వెళ్ళారమ్మా. అరిచాను. ఒకతనైతే నన్ను దాటుకునే పోయాడు."

"అది అద్దాల పని నాయనా. నీకు తెల్దా?"

"తెలుసు. నిన్న నేనూ అలాగే ఎక్కాను. పొద్దున అభిజ్ఞ వచ్చింది. ఇదిగో, ఇక్కడే కూర్చుని సూర్యోదయం చూసింది. పేరుపెట్టి పిలిచాను. నావైపే తిరిగి నవ్వింది. 'ఎంత హాయిగా ఉందో, ఎవరూ లేరు' అనుకుంది పైకే."

ఇంతలో అభిజ్ఞ పైకొచ్చి, దిక్కులు చూస్తూ వాళ్ళ ముందే నిలబడింది. సుంకులమ్మ ఆమె మొహంమీది అద్దాలు ఊడబెరికి ఇసుకలోకి విసిరింది.

భర్త కనబడగానే అభిజ్ఞ కుప్పకూలింది. "నాకు కనబడలేదు హేమా! ఒట్టు!"

"తెలుసు. నీ తప్పేం లేదు," అన్నాడతను. ఆ మాట మనసారానే అన్నాడు. తరువాత చెయ్యి చాచి, ఇసుకలోని ఆమె అద్దాలు తీసి, ఆమెవైపే చూస్తూ తన కళ్ళకు పెట్టుకున్నాడు.