సాక్సు లోపలి పట్టీలు

"మమ్మీ! నా పేరుంది! నా పేరుంది!"

జెసింత ఫోను పట్టుకుని హాల్లో గిర్రున తిరిగింది. వంటింట్లో మమ్మీ రెండు చేతులకూ గారెల పిండి ఉంది. ఆ చేతులతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఏది, సూపియ్యి!"

సిస్టర్ ఫిలోమిన గ్రూపులో పెట్టిన మెసేజ్ అది. రేపు ఆదివారం గుడి పండుగ. బిషప్ గారు వచ్చి పూజ చేస్తారు. బలిపీఠం దగ్గర సేవ చెయ్యడానికి ఆరుగురు పిల్లల్ని ఎంచారు. ఐదో పేరు జెసింతది. పేరు పక్కన "కొవ్వొత్తి" అని ఉంది.

"వేరే జెసింత ఎవరన్న ఉన్నరేమో మంచిగ సూడు" అంది మమ్మీ, నవ్వు ఆపుకుంటూ.

"మన గుళ్ళె ఇంకో జెసింత ఏడుంది మమ్మీ!"

జెసింతకు పదేళ్ళు. ఏడాదిగా నాచారం గుడిలో మామూలు రోజుల పూజలకు సేవ చేస్తోంది. పండుగ పూజకు పేరు రావడం ఇదే మొదటిసారి.

సోఫాలో కూర్చున్న పవిత్ర పిన్ని చప్పట్లు కొట్టింది. పిన్నికి పెళ్ళై నెల కూడా కాలేదు. పండుగ కోసం పోచారం నుంచి అరుణ్ బాబాయితో పొద్దున్నే వచ్చింది.

"గా మెసేజ్‌ను ఫ్రేమ్ కట్టిద్దామా?" అన్నాడు బాబాయి.

"ఫ్రేమ్ ఎందుకు? నా దగ్గర ఇంకా మంచిది ఉంది" అంటూ పిన్ని బ్యాగు లోంచి చిన్న ఎర్ర డబ్బా తీసింది.

డబ్బాలో వెండి పట్టీలు! ఒక్కో పట్టీకి పన్నెండు మువ్వలు. పిన్ని తనే కింద కూర్చుని, జెసింత కాళ్ళకు పెట్టి, సీలలు బిగించింది. జెసింత ఒక అడుగు వేసింది. ఛుం. ఇంకో అడుగు. ఛుం ఛుం.

"మస్తున్నయ్ పిన్నీ!"

"సాయంత్రం గుడికి పోయేటప్పుడు తీసెయ్యాలె బిడ్డా. సేవ జేసేటప్పుడు పట్టీలు వద్దని సిస్టర్ చెప్పింది గద?" అంది మమ్మీ వంటింట్లోంచి.

"తీస్తలే మమ్మీ."

నిజంగానే తీద్దామనుకుంది. కానీ సాయంత్రం ఐదయ్యేసరికి తీయబుద్ధి కాలేదు. ఆ మువ్వలు ఎంత ముద్దుగా ఉన్నాయో! జెసింత ఆలోచించింది. సేవకు వేసుకునే అంగీ పాదాల దాకా ఉంటుంది. దాని కింద సాక్సులు. సాక్సుల లోపల పట్టీలు. ఇక ఎవరికి కనిపిస్తాయి?

తెల్ల సాక్సులు పైకి లాగి, పట్టీలను లోపలికి తోసేసింది. గది అంతా నడిచి చూసింది. చప్పుడు లేదు.

*

ఆ సాయంత్రం పూజ పండుగకు ముందు రోజు పూజ. ఆరుగురు పిల్లలూ కొత్త అంగీలు వేసుకుని సేవ చెయ్యాలి. పూజ సామాన్ల గదిలో కొత్త బట్ట వాసన, సాంబ్రాణి వాసన కలిసిపోయి ఉన్నాయి. ఎర్రటి పొడవాటి అంగీ, దాని మీద లేసు అంచున్న తెల్లటి పై అంగీ. జెసింత అద్దంలో చూసుకుని, తనకు తనే కన్ను కొట్టుకుంది.

సిస్టర్ ఫిలోమినది గుంటూరు. ఆవిడ గదిలోకి రాగానే పిల్లలంతా వరసలో నిలబడ్డారు.

"గోళ్ళు చూపించండి. ఆఁ, బాగున్నాయి. జెసింతా, జడ గట్టిగా వేశావు, మంచిది. జోజీ, చేతికి ఆ రబ్బరు బ్యాండేంటి? తియ్యి."

పన్నెండేళ్ళ జోజి అందరిలోకీ పెద్దవాడు. గంట కొట్టేది అతనే. నాలుక కరుచుకుని బ్యాండు తీసేశాడు.

"నిలబడితే నిటారుగా నిలబడాలి. చేతులు జోడించి గుండె దగ్గర పెట్టుకోవాలి. ఇలా ఒక కాలి మీద బరువేసి కాదు. మీరేమన్నా బస్సు కోసం నిలబడ్డారా?"

"ఉప్పల్ బస్ ఇంకా రాలే సిస్టర్" అన్నాడు జోజి. అందరూ కిసుక్కున నవ్వారు. సిస్టర్‌కి కూడా నవ్వొచ్చింది.

"సరే, ఆఖరి మాట. కాళ్ళకి, చేతులకి ఇంకేమన్నా పెట్టుకున్నారా ఎవరైనా?"

"లేదు సిస్టర్!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

ఆ గొంతులో జెసింత గొంతు కూడా ఉంది. అనేసి, నేల మీది టైల్స్ కేసి చూసింది.

*

ముందు బెంచీలో ఎప్పటిలాగే ఇన్నమ్మ అవ్వ కూర్చుని ఉంది. తెల్ల చీర, చేతిలో జపమాల. అవ్వకు చూపు పోయి మూడేళ్ళయింది. అయినా వీలైన ప్రతి పూజకూ కోడలి చెయ్యి పట్టుకుని వస్తుంది.

పూజ మధ్యలో, ప్రభువు శరీరంగా మారిన అప్పాన్ని ఫాదర్ పైకెత్తినప్పుడు జోజి గంట కొడతాడు. చిన్నచిన్న గంటలు నాలుగు కలిపి ఒకే పిడికి కట్టి ఉంటాయి. గలగలా మోగుతాయి. అప్పుడు గుడి అంతా తల వంచుతుంది. అవ్వకు అప్పం కనిపించదు. గంట వినిపిస్తుంది. వినిపించగానే బెంచీ మీద తల ఆనించి, "నా ప్రభువా, నా దేవా!" అని పైకే అంటుంది. ఆ మాట వినడం అందరికీ అలవాటే.

పూజ మొదలైంది. జెసింత కొవ్వొత్తి పట్టుకుని మెల్లగా నడిచింది. నాలుగో వరసలో పిన్ని, బాబాయి కనిపించారు. పిన్ని ముఖం వెలిగిపోతోంది.

పఠనాలయ్యాయి. ఫాదర్ బాలశౌరి ప్రసంగానికి ముందు రేపటి ఏర్పాట్లు చెప్పసాగారు. జెసింత బలిపీఠం పక్కన తన కుర్చీలో కూర్చుంది. పక్కనే పాటల బృందం మైకు. కుర్చీ కొంచెం ఎత్తుగా ఉంది. కాళ్ళు నేలకు సరిగ్గా ఆనలేదు. మొదట్లో బలిపీఠం ముందు మోకరించి లేచినప్పుడే ఎడమ కాలి సాక్సు కిందికి జారింది. అది తను చూసుకోలేదు.

జెసింత కాలు ఊపింది.

ఛుం.

ఆ చప్పుడు మైకులో పడి, ఫాదర్ మాటల వెనక సన్నగా స్పీకర్లలోంచి వచ్చింది. తన పట్టీల చప్పుడు గుడంతా! జెసింతకు ఒళ్ళు పులకరించింది. ఇంకొక్కసారి, మెల్లగా ఊపింది. ఛుం ఛుం.

"కార్లు, బండ్లు స్కూల్ గ్రౌండులోనే పెట్టాలి. గేటు ముందర ఎవరూ..." అంటున్నారు ఫాదర్.

"నా ప్రభువా, నా దేవా!"

అవ్వ గొంతు ఖంగున వినిపించింది. అవ్వ తల బెంచీకి ఆని ఉంది.

ఫాదర్ ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వి, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. వెనక ఇద్దరు పిల్లలు పకపకా నవ్వారు. జోజి భుజాలు ఊగిపోతున్నాయి. జెసింత కూడా చేత్తో నోరు మూసుకుని నవ్వింది. కార్లు పెట్టే చోటికి దండమేంటి అవ్వా!

కాసేపటికి అందరూ ప్రార్థనకు లేచి నిలబడ్డారు. జెసింత ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చింది.

ఛుం.

"నా ప్రభువా, నా..."

అవ్వ సగంలో ఆగిపోయింది. చుట్టూ అంతా నిలబడి ఉన్నారని ఆమెకు తెలిసింది. ఈసారి పెద్దవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

జెసింత నవ్వు ఆగిపోయింది. కిందికి చూసింది. అంగీ అంచు దగ్గర, జారిపోయిన సాక్సు పైన, పన్నెండు మువ్వలు మిలమిలా మెరుస్తున్నాయి.

అవ్వ విన్నది గంట కాదు. తన కాలి చప్పుడు.

ఆ తర్వాత జెసింత కాలి వేలు కూడా కదపలేదు. అప్పాన్ని ఎత్తే సమయం వచ్చింది. అందరూ మోకరించారు. ఫాదర్ రెండు చేతులా అప్పాన్ని పైకెత్తారు. జోజి గంట కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

గుడి అంతా తల వంచింది.

అవ్వ వంచలేదు. నోరు కొంచెం తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది.

ఆ అప్పాన్ని సత్ప్రసాదంగా నోటికి అందించేటప్పుడు, ముక్క రాలకుండా గడ్డాల కింద పళ్ళెం పట్టుకునే పని కూడా జెసింతదే. అవ్వ వచ్చినప్పుడు ఆమె గడ్డం వణుకుతోంది. బుగ్గ మీద తడి. జెసింత ఆ తడి వైపు చూడలేక పళ్ళెం వైపే చూసింది.

*

పూజ అయిపోయింది. జెసింత పూజ సామాన్ల గదిలో అంగీ విప్పి మడత పెడుతోంది. కిటికీ బయట, లూర్దుమాత విగ్రహం ఉన్న గుహ దగ్గర అవ్వ మాట వినిపించింది. సిస్టర్ ఫిలోమినతో మాట్లాడుతోంది.

"కండ్లు పోతే పోయినయ్ సిస్టరమ్మా. గంట ఇనుకుంట పూజ సూసిన ఇన్నాళ్ళు. ఇగ చెవులు గూడ ఖరాబైనయ్."

"అలా అనకండి అవ్వా. ఒక్కోసారి అవుతుంది."

"ఒక్కసారి గాదు, రెండుసార్లు. పిల్లలు నవ్విన్రు, ఇన్న. మా కోడలికి ఎట్లన్న రేపు పొద్దుగాల దవాఖానల డ్యూటీ. ఎవరినన్న తోలుకపొమ్మని అడుగుదామనుకున్న. ఇగ అడగ. బిషప్పుగారి ముంగట నేను గిట్లనే అరిస్తే గుడి పరువు పోతది. నేను రాను."

జెసింత చేతిలోని అంగీ మడత జారిపోయింది.

చెప్తే రేపటి కొవ్వొత్తి పోతుంది. అబద్ధం చెప్పిన పిల్లను బిషప్ గారి పూజకు ఎవరు రానిస్తారు? చెప్పకపోతే? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అవ్వ ఇంట్లో కూర్చుంటుంది. రేపూ, ఎల్లుండీ, ఇక ఎప్పుడూ.

జెసింత కింద కూర్చుని బూట్లు, సాక్సులు విప్పింది. పట్టీ సీల బిగుసుకుపోయింది. గోటితో తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది.

"ఏం జేస్తున్నవే?" అంటూ జోజి వంగి చూశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మో! గంట నువ్వు కొట్టినవా? నా డ్యూటీ నువ్వు గుంజుకున్నవా?"

జెసింత నవ్వలేదు. "జోజన్నా, జరసేపు నీ గంట తీసుకొని నాతోటి వస్తవా?"

జోజి ఆమె ముఖంలోకి చూశాడు. గంట తీసుకుని వెంట నడిచాడు.

జెసింత ఊడొచ్చిన పట్టీలు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతోనే అవ్వ ముందు నిలబడింది.

"అవ్వా, నీ చెవులు మంచిగనే ఉన్నయ్."

"ఎవరు బిడ్డా?"

"నేను జెసింతను. పట్టీలు పెట్టుకొచ్చిన. సాక్సుల దాచిన. అవే మోగినయ్. నేను... నేను గూడ నవ్విన అవ్వా."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "నా మనసు నిమ్మళంగుండాలని చెప్తున్నవ్ లే."

"గాదవ్వా, ఇను!" జెసింత పట్టీని పైకెత్తి ఊపింది. ఛుం.

అవ్వ కదలకుండా విన్నది. "మళ్ళొకసారి."

ఛుం ఛుం.

"గిదే! గిదే ఇన్న నేను!"

"ఇప్పుడు జోజన్న కొడ్తడు. ఇది అసలుది." గలగలా మోగింది గంట.

"గిది గూడ ఇన్న! ఇని గూడ నమ్మలే!" అవ్వ ముఖమంతా విప్పారింది. "ఓ సిస్టరమ్మా, నా చెవులున్నయ్! రెండూ ఉన్నయ్!" చేత్తో తడిమి జెసింత చెవి పట్టుకుని కొంచెం గట్టిగానే మెలిపెట్టింది. "దొంగ పిల్లా, ఎంత భయపెట్టినవే!"

"అబ్బా! సారీ అవ్వా."

జెసింత సిస్టర్ వైపు తిరిగింది. చేతులు తమంతట తామే గుండె దగ్గర జోడించుకున్నాయి.

"సిస్టర్, లేదు అని అబద్ధం చెప్పిన. రేపటి కొవ్వొత్తి ఇంకొకరికి ఇయ్యండి."

"లేదు అని అందరితో కలిసి చెప్పావు. ఉన్నాయి అని ఒక్కదానివే వచ్చి చెప్పావు" అంది సిస్టర్. "కొవ్వొత్తి నీదే. కానీ పొద్దున ఆరింటికల్లా అంగీ వేసుకుని వరసలో ఉండాలి. ఆలస్యమైతే మాత్రం ఇంకొకరికి ఇచ్చేస్తాను. బిషప్ గారి పూజ, ఎవరి కోసమూ ఆగదు."

జెసింత తల ఊపింది. తర్వాత అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, రేపు నేనొచ్చి నిన్ను తోలుకొస్త."

"వద్దు బిడ్డా. నా నడక శానా నెమ్మది. నీకు లేటైతది. కొవ్వొత్తి పోతది."

"పోతే పోనీ. నువ్వు రావాలె."

*

రాత్రి అన్నాల దగ్గర జెసింత అంతా చెప్పింది. మమ్మీ కోప్పడింది, తర్వాత ఇంకో గారె వేసింది. పిన్ని మాత్రం వింటూ వింటూ కళ్ళు తుడుచుకుంది. బాబాయి ఆమె ప్లేటులోకి తన గారె జరిపాడు.

"అయితే రేపు ప్రోగ్రాం ఏంది మేడమ్?" అడిగాడు డాడీ.

"నాలుగింటికి లేవాలె" అంది జెసింత. "నాలుగున్నరకు అవ్వ ఇంటికాడ ఉండాలె."

"అంత పొద్దుగాలనా? గుడి పది నిమిషాల దూరం గద! నేను బండి మీద దింపుతలే ఇద్దర్ని."

"అవ్వకు బండంటే భయం డాడీ. నడుస్తం. మల్లాపూర్ రోడ్డు దాటేకాడ నువ్వు జర తోడు రా, చాలు."

"నేను గూడ వస్త. ఒక చెయ్యి నువ్వు పట్టుకో, ఒక చెయ్యి నేను పట్టుకుంట" అంది పిన్ని.

"రా పిన్నీ. కానీ ఒక మాట." జెసింత చాలా సీరియస్‌గా అందరి వైపూ చూసింది. "అవ్వ ఎంత మెల్లగ నడిస్తే మనం గూడ అంతే మెల్లగ నడవాలె. జల్దీ జల్దీ అని ఎవ్వరూ అనొద్దు."