ఆపరేషన్ మోటారు షాపు ఫోన్

హత్య పట్టపగలే జరిగింది. చచ్చింది టెలిఫోను.

నీటి మోటార్లు రిపేరు చేసే ఆ షాపులోకి వచ్చే రాగి తీగను టెలిఫోన్ కంపెనీ లైన్‌మన్ నిచ్చెనెక్కి ఠక్కున తెంపేశాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నవాడు ఏజెంట్ కొంగ. ఒంటికాలి మీద ఎంతసేపైనా కాపు కాయగలడని డిపార్ట్‌మెంటు వాళ్లు పెట్టిన పేరది. కదిలే రైలు మీంచి దూకినవాడు, కుర్చీ కాలితో ముగ్గుర్ని పడగొట్టినవాడు. అలాంటి మనిషి, "పాత లైన్లన్నీ పీకేస్తున్నాం బాబూ, మీ నెంబరెక్కడికీ పోదు, ఇంటర్నెట్ ఫోన్‌లోకి మార్పించుకోండి" అని లైన్‌మన్ చెబుతుంటే నోరు మెదపకుండా విన్నాడు. పైగా దిగేటప్పుడు చెయ్యి కూడా అందించాడు. కర్మ!

ఆ షాపులో నిజంగానే మోటార్లు బాగుచేస్తారు. ముందు గదిలో కౌంటరు, దాని వెనక కొంగ అక్క. వెనక గదిలో రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన, వాటి మధ్య దేశ రహస్యాలు. అక్కకు అన్నీ తెలుసు. అయినా మొదటిరోజే తెగేసి చెప్పింది. "మీ గూఢచారి వేషాలన్నీ వెనక గదిలో వేసుకోండి. ముందు గది నాది. వచ్చినవాళ్ల మోటారు బాగవ్వాలి, వాళ్లు నవ్వుతూ వెళ్లాలి. అంతే."

మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎప్పుడొచ్చినా కస్టమరు వేషమే, చంకలో ఎప్పుడూ అదే కాలిపోయిన మోటారు. ఊళ్లో ఇంత దురదృష్టవంతుడు ఇంకొకడు లేడని పక్క షాపువాళ్లు జాలిపడుతుంటారు. వెనక గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టి, మోటారు మీదే కూర్చున్నాడు.

"మీ బావ బయటికొస్తున్నాడు."

అక్క మొగుడు. సరిహద్దు అవతల శత్రు ముఠాలో వాళ్ల మనిషిగా నటిస్తూ ఏళ్లు గడిపేసినవాడు. ఇన్నేళ్లలో ఉత్తరం లేదు, ఒక్క మాట లేదు. అక్క ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం చూసే కొంగకు ఎక్కువ బాధ.

"ఎప్పుడు సార్?"

"బుధవారం. ఇవతలి పక్కకి రాగానే దొరికిన ఫోన్‌లోంచి చేస్తాడు. ఒక్కసారే. ఎక్కడున్నాడో చెప్తాడు, మనం వెళ్లి తెచ్చుకోవాలి. ఆలస్యమైతే వాళ్లు తెచ్చుకుంటారు. ఆయనకి నోటికొచ్చిన నెంబరు ఒక్కటే. ఈ షాపుది."

"అది పొద్దున్నే చచ్చిపోయింది సార్."

"అందుకే వచ్చా. కొత్త సిస్టమ్ పెట్టు. కాల్స్, మెసేజులు, వీడియో, ఫ్యాక్సు, అన్నీ ఒకే దాంట్లో ఉంటాయట. ఆల్ ఇన్ వన్. చిన్న వ్యాపారాల కోసమే చేశారట."

"మన డిపార్ట్‌మెంట్‌ది ఏదో ఒకటి..."

"మోటార్ల షాపులో మిలిటరీ ఎక్స్ఛేంజా? ఇక్కడ గూఢచారులు ఉన్నారని బోర్డు కూడా రాయించు, సరిపోతుంది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. ఆ ముఠా ఇప్పుడు ఫోన్ సిస్టమ్‌లు అమ్ముతోంది. కొన్నవాడి ప్రతి మాటా వాళ్ల సర్వర్‌లోకి పోతుంది. మార్కెట్‌లో ఉన్న మూడు కంపెనీల్లో ఒకటి వాళ్లది."

"ఏది సార్?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? నువ్వే తేల్చు. తప్పు ఎంచావా, బావ మాట్లాడే మొదటి మాట వాళ్ల చెవినే పడుతుంది. ఆ, మీ అక్కకి మాత్రం చెప్పొద్దు. భార్యలకి చెప్పకూడదని రూలు."

"నేనూ చుట్టాన్నే కదా సార్?"

"రూల్లో బావమరిది అని లేదు."

ఆ రోజు నుంచి మొదలైంది కొంగ అవస్థ. పెట్టుడు మీసం, పొట్ట మీద దిండు, చేతిలో సంచి. అచ్చం చిన్న వ్యాపారి. మొదటి కంపెనీకి ఫోన్ చేశాడు. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అంది ఓ తియ్యని గొంతు. ఆ తర్వాత వీణో వయొలినో, చెవి వేడెక్కేదాకా వాయించి వాయించి లైను దానంతటదే కట్ అయింది. రెండో కంపెనీలో మనుషులే లేరు. యంత్రం ఒకటి తెర మీద జవాబులు టైపు చేస్తుంది. "మీ సర్వర్ ఎక్కడుంటుంది?" అని అడిగితే "మీ ఆసక్తికి ధన్యవాదాలు!" అంటుంది. మూడు కంపెనీల కాగితాలూ బల్ల మీద పరిచి చూశాడు. అపరిమితం, సురక్షితం, సులభం. మూడింట్లోనూ అవే మాటలు, అదే నవ్వు మొహం అమ్మాయి బొమ్మ. శత్రువు కళ్లలోకి చూసి అబద్ధం పట్టే మనిషికి కాగితం కళ్లలోకి ఎలా చూడాలో తెలియలేదు. తల పట్టుకుని కూర్చున్నాడు.

మూడో కంపెనీ నుంచి స్వయంగా మనిషి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె వచ్చిన కాసేపటికి షాపులో వార్నిష్ వాసన ఓడిపోయింది. అక్క ఆమెకు అక్కడికక్కడే సెంటు మేడమ్ అని పేరు పెట్టేసింది.

"కరెంటు పోతే?" అడిగాడు కొంగ. చొక్కా గుండీలోని కెమెరా ఆమె కనురెప్పల కదలిక లెక్కపెడుతోంది.

"మోగదు సార్."

"నెట్ పోతే?"

"అప్పుడూ మోగదు. మొబైల్‌కి మళ్లించుకోవాలి. మాట అప్పుడప్పుడూ తెగుతుంది కూడా. రాగి తీగంత నమ్మకం కాదు."

కొంగ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. తన సరుకు లోపాలు తనే చెప్పుకునే మనిషి శత్రువెలా అవుతుంది? సంతకం పెట్టేశాడు. అంతకంటే గొప్ప పద్ధతి అతని బుర్రకు తట్టలేదు పాపం.

మంగళవారానికి సిస్టమ్ బిగిసింది. పలకరింపు మాటలు అక్కే రికార్డు చేసింది. "నమస్కారం, మోటార్ల షాపు. మోటారు తిరగకపోతే ఒకటి, తిరుగుతున్నా నీళ్లు రాకపోతే రెండు, బాగుచేసింది ఇంటికి తేవాలంటే మూడు..." ఇంకా చాలా ఉంది. అక్క ఏదీ క్లుప్తంగా చెప్పే రకం కాదు. ఒకటి నొక్కితే కొంగకు, రెండు నొక్కితే మేస్త్రీకి, మూడు నొక్కితే వ్యాను డ్రైవరుకు వెళ్లాలి. ముగ్గురూ ఏజెంట్లే. "ఎవరి ఫోన్ వివరాలు వాళ్లు పెట్టుకోండి" అని చెప్పి వెళ్లింది సెంటు మేడమ్.

బుధవారం మధ్యాహ్నం. సిస్టమ్ వాడకం నేర్పే మిషతో సెంటు మేడమ్ మళ్లీ వచ్చింది. వెనక గదిలో కంప్యూటరు తెర వెలిగింది. కాల్! నెంబరు ముందు సరిహద్దు ఊరి కోడ్.

బావ!

బావ ఒకటి నొక్కాడు. కొంగ సెల్‌ఫోన్ మోగలేదు. కాల్ మేస్త్రీ పేరు మీదికి జరిగింది. అదీ మోగలేదు. డ్రైవరు మీదికి జరిగింది. అక్కణ్నుంచి మళ్లీ కొంగ మీదికి వచ్చింది.

"ఏం చేశారు మీరు?" అని మిగతా ఇద్దరి మీదా అరిచాడు కొంగ.

మేస్త్రీ చేతిలోని చెక్క సుత్తి కింద పెట్టి నసిగాడు. "ఏజెంటన్నవాడు సొంత నెంబరు మిషన్‌కి ఇస్తాడా? నా కాల్స్ డ్రైవరుకి పంపమని పెట్టా."

"నేను మీకు పంపమన్నా" అన్నాడు డ్రైవరు కొంగతో.

కొంగ పెట్టింది మేస్త్రీ పేరు. శిక్షణలో ముగ్గురికీ ఒకే గురువు మరి. శత్రువుకు దొరక్కుండా ఉండటం ఎంత బాగా నేర్చుకున్నారంటే సొంత మనిషికి కూడా దొరకలేదు.

తెర మీద 'ఎత్తు' అనే పచ్చ బొత్తాం కనిపించింది. కొంగ చెయ్యి అటు వెళ్లింది. దాని మీద సెంటు మేడమ్ చెయ్యి పడింది.

"వార్నిష్ ఇంకా ఆరలేదు" అంది మెల్లిగా.

అది డిపార్ట్‌మెంట్ కోడ్ వాక్యం.

"నేను వాళ్ల మనిషిని. మీ మనిషిని కూడా. ఎత్తితే ఆ క్షణం నుంచే రికార్డింగు మొదలవుతుంది, అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఎత్తని కాల్ జోలికి వాళ్లు పోరు."

"మరి నీ కంపెనీ ఎందుకు అంటగట్టావు? మిగతా రెండింట్లో ఏదో ఒకటి తీసుకునేవాణ్నిగా!"

"తీసుకున్నా ఇంతే సార్. మూడూ మావే. సర్వర్ ఒక్కటే, పైన పేర్లు మూడు."

కొంగ స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ల దిండు పొట్ట, మీసం, కాగితాలు, అన్నీ గంగపాలు. ఎత్తితే బావ దొరికిపోతాడు. ఎత్తకపోతే నడివీధిలో నిలబడిపోతాడు. మళ్లీ చేయడు, రూలు. తెర మీది నెంబరుకి తిరిగి ఫోన్ చేద్దామా అంటే డిపార్ట్‌మెంట్ ఫోన్లలోంచి బయటికి చేసే కాల్స్ అన్నీ నిన్నటి నుంచి ఈ మాయదారి పెట్టె మీదుగానే పోతున్నాయి. తెర మీద బావ రెండు నొక్కాడు. తర్వాత మూడు. తర్వాత మళ్లీ ఒకటి. ఎక్కడో ఓ మనిషి ప్రాణం అరచేతిలో పెట్టుకుని బొత్తాలు నొక్కుతున్నాడు. ఇక్కడ ముగ్గురు హేమాహేమీలు గుడ్లప్పగించి చూస్తున్నారు. కొంగకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చేవాడే, మేస్త్రీ లేకపోతే.

కాల్ మాయమైంది. పెట్టేశాడు.

అప్పుడు ముందు గదిలోంచి, కౌంటరు మీది ఫోన్ తెర చూస్తున్న అక్క గొంతు వినిపించింది.

"ఈ దిక్కుమాలిన పెట్టె! పాపం ఎవరో అన్నీ నొక్కీ నొక్కీ విసిగి పెట్టేశాడు. ఇలాగైతే వ్యాపారం చేసినట్టే!" ఆ వెంటనే తన సొంత సెల్‌ఫోన్‌లో నెంబరు నొక్కుతున్న చప్పుడు. "హలో, మోటార్ల షాపు నుంచండీ. ఇందాక మీరు ఫోన్ చేశారు కదా, క్షమించాలి, మావాళ్లు..."

అంతే. అక్క ఆగిపోయింది.

మాటల మధ్యలో ఆగిపోయిన అక్కను కొంగ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తలుపు సందులోంచి తొంగి చూశాడు. అక్క ఒక చేత్తో కౌంటరు అంచు పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. ఎదురుగా ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఎక్కడున్నారండీ? ... పెట్రోలు బంకు పక్కనా? సరే. అక్కడే ఉండండి. మోటారు మీరేం విప్పకండి. మనిషిని పంపడం కాదు, నేనే వస్తున్నాను."

ఫోన్ పెట్టి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఒరేయ్, వ్యాను తాళాలు."

"అక్కా, నీకు చెప్పాలనే..."

"తాళాలివ్వరా ముందు!"

సెంటు మేడమ్ ఫోన్ గుర్రుమంది. చదివి పాలిపోయింది. "కాల్ గుండ్రంగా తిరుగుతోందని అక్కడెవరికో అనుమానమొచ్చింది. నెంబరు ఎక్కడిదో చూశారు. కారు బయల్దేరింది."

వ్యాను అక్కే నడిపింది. డ్రైవరు వెనక మోటార్ల మధ్య కూర్చుని దేవుళ్లందరినీ తలుచుకున్నాడు. పక్క సీట్లో కొంగకు చేసేందుకు ఏమీ లేదు. తుపాకీ ఉంది, దాన్ని ఎవరి మీద గురిపెట్టాలో తెలియదు. మలుపు తిరిగినప్పుడల్లా తలుపు పిడి పట్టుకున్నాడు, అదొక్కటే అతని వంతు పని.

బంకు కనిపించేసరికి నల్ల కారు ముందే వచ్చి ఆగి ఉంది. లోపల ఇద్దరు. గాలి పట్టే మిషన్ పక్కన చిక్కిపోయిన మనిషి ఒకడు, నెరిసిన గడ్డంతో, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అతను బావేనని పోల్చుకోవడానికి కొంగకు క్షణం పట్టింది. అక్కకు అదీ పట్టలేదు.

కారులోని వాళ్లు దిగడం లేదు. ఒకడు ఫోన్ చెవిన పెట్టుకుని, వీడేనా కాదా అన్న జవాబు కోసం చూస్తున్నాడు. ముఠావాళ్లు వాడేదీ వాళ్లు అమ్మే సిస్టమే. సరిగ్గా అప్పుడే షాపు వెనక గదిలో సెంటు మేడమ్ చల్లగా 'అప్‌డేట్' అనే బొత్తాం నొక్కింది, ముఠా లైన్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కారులో స్పీకరు పెట్టుకున్నారేమో, తియ్యని గొంతు బయటిదాకా వినిపించింది. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం. దయచేసి వేచి ఉండండి." ఆ తర్వాత వీణో, వయొలినో.

అక్క వ్యాను బావ పక్కన ఆపింది. తలుపు తెరుచుకుంది. బావ ఎక్కాడు. వ్యాను కదిలి రోడ్డెక్కేదాకా కారులోవాళ్లు వేచే ఉన్నారు.

అక్క కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి స్టీరింగు వదల్లేదు. వెనక మోటార్ల మధ్య బావ రెండు మోకాళ్లూ పట్టుకుని కూర్చున్నాడు.

"మూడుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే పెట్టేసి పారిపోవాలని రూలు" అన్నాడు చివరికి. "పోలేకపోయాను. నీ గొంతు వస్తుంటే ఎలా పోతాను? ఒకటి నొక్కా, రెండు నొక్కా, మూడు నొక్కా, మళ్లీ మొదట్నుంచీ. ఇంటికి రావాలంటే ఏం నొక్కాలో మాత్రం నువ్వు చెప్పలేదు."

"చెప్పాను. ఆఖర్న చెప్పాను. సున్నా నొక్కితే కౌంటర్లో నేనే ఎత్తుతానని." అక్క ముక్కు ఎగబీల్చింది. "ఏనాడైనా నా మాట చివరిదాకా విన్నారా మీరు?"

కొంగకు చెమటలు పోశాయి. సున్నా నొక్కి ఉంటే అక్క ఎత్తేది. అక్క ఎత్తి ఉంటే వాళ్లు వినేవాళ్లు. బావ ప్రాణం కాపాడింది డిపార్ట్‌మెంటూ కాదు, సెంటు మేడమూ కాదు. పెళ్లాం మాట సగంలో వదిలేసే అలవాటు. ఆ సంగతి రిపోర్టులో రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, అక్క చదువుతుందన్న భయంతో మానేశాడు.