ఈ బొమ్మ ఎవరిది?

అసానో నది అవతల సందు చివర ఒక పాడుబడ్డ ఇల్లుంది. పొద్దుగూకాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. మొనగాళ్లమని మీసం తిప్పేవాళ్లు కూడా చుట్టు తిరిగి వంతెన మీదుగా పోతారు. లోపల్నుంచి ఒక గొంతు అడుగుతుందట... "ఈ బొమ్మ ఎవరిది?" అని.

మా తాత యసబురోకి ఈ కబుర్లంటే ఒళ్లుమంట. గోడకి వేలాడదీసే పటాలకు వెనక కాగితం అంటించి, పట్టు అంచులు కట్టే పని మాది. "దెయ్యానికి బొమ్మలతో ఏం పనే, పనీపాటా లేక!" అనేవాడు.

ఆ ఇల్లు ఇసోజి అనే చిత్రకారుడిది. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. మూడొందల ఏళ్ల కిందటి ఉన్పో అనే గురువు పద్ధతిలోనే బతుకంతా గీశాడు. పట్టుకి పొగ పట్టించేవాడు, పురుగు తిన్న చిల్లులు కూడా గీసేవాడు. కింద సంతకం ఉన్పోదే. చూసినవాళ్లు "ఆహా, ఉన్పో!" అనేవాళ్లు. పక్కనే ఉన్న ఇసోజి తల వంచుకునేవాడు. అతను పోయి ఏడేళ్లయింది.

పొరుగూళ్లో ఉన్న అతని మేనకోడలు కబురు పంపింది, గోడకున్న పటం పాడైపోయుంటుంది, తెచ్చి బాగుచెయ్యమని. తాత సాయంత్రం వెళ్లాడు. గోడగూట్లో వేలాడుతోంది పటం. మంచుకొండ, గుడిసె, గుమ్మంలో ఎవరికోసమో చూస్తున్న ఒక ముసలాయన. దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడో లేదో... వెనక నుంచి—

"ఈ బొమ్మ ఎవరిది?"

నోటికి అలవాటైన మాటే వచ్చింది తాతకి. "ఉ... ఉన్పోది."

చీకట్లో ఎవరో... ఏడ్చారు. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు కూడా వదిలేసి తాత ఒకటే పరుగు!

మర్నాడు పటం తడిపి, వెనక కాగితం మెల్లగా ఊడదీశాడు. మా పనివాళ్లు తప్ప ఇంకెవరూ చూడని చోట, బొమ్మ వెనకవైపు, చిన్న అక్షరాలు. "గీసింది ఇసోజి."

కొత్త కాగితం అంటిస్తే ఆ పేరు ఇంకో వందేళ్లు మరుగున పడిపోతుంది. జిగురు గిన్నె పక్కన పెట్టి, "చెప్పులు తెచ్చుకోవాలే" అని లేచాడు. అబద్ధమని నాకు తెలుసు.

ఇంటికొచ్చిన అతిథి మొదట పటం ఉండే గోడగూటికి దండం పెట్టడం మా ఆచారం. నిన్న అది కూడా చెయ్యలేదు. ఈసారి పటం లేని ఆ బోసిగూటి ముందే మోకాళ్ల మీద కూర్చుని, నేలకి నుదురు ఆనించాడట.

"ఈ బొమ్మ... ఎవరిది?"

"మీదే, ఇసోజి గారూ. మీ బొమ్మే. నా పాడు నోరు, నిన్న తప్పు చెప్పాను."

చీకట్లోంచి, చాలా మెల్లగా—

"కూర్చోండి. టీ పెడతాను."

"అమ్మో! లేచి వచ్చెయ్యలేదా తాతా?" అన్నాను.

"ఎలా వస్తానే? ఏడేళ్లకి ఒక మనిషి గడప తొక్కాడని ఎంత సంబరపడిపోతున్నాడో..." తాత కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే... తాగావా?"

"తాగాను. మంచుగడ్డలా ఉంది, మట్టివాసన. బాగుందని చెప్పి ఇంకో కప్పు పోయించుకున్నాను."