కిగాలీ నుంచి గంట ప్రయాణం

ఎంటెబ్బె విమానాశ్రయంలో గోడ గడియారం రెండు చూపిస్తుంటే, అది పాడైపోయిందనుకున్నాడు రుగాంబా. ఇంతలో నకాయిజా ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

"ఇప్పుడే దిగాను. కిగాలీలో పన్నెండుకి ఎక్కాను, గంట ప్రయాణం. ఒంటిగంటేగా?"

"నీ మొహం. మీకంటే మాకు గంట ముందు. ఏడాదిగా ప్రేమిస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. ఇవాళ మర్చిపోయాను."

"మర్చిపోవడానికి ఇవాళే దొరికిందా నీకు?"

ఆసుపత్రిలో డ్యూటీ వల్ల అతనొక్కడే విమానంలో వచ్చాడు. అతని వాళ్లంతా నిన్న రాత్రి బస్సెక్కి, ఈపాటికి ముకోనోలో నకాయిజా ఇంటి ముందు షామియానాలో కూర్చున్నారు. అక్కడి నిశ్చితార్థం ఆచారం ప్రకారం, పెద్దల మాటలయ్యాక ఆమె మేనత్త వచ్చి, మగపెళ్లివారిలో పెళ్లికొడుకుని వెతికి పట్టుకుని, అతని గుండె మీద పువ్వు గుచ్చాలి. ఆ వేళకి అతను లేకపోతే సంబంధం అక్కడితో సరి. అసలే ఆ మేనత్తకి పొరుగుదేశం అల్లుడు మొదటినుంచీ ఇష్టం లేదు.

"ముకోనోకి ఎంతసేపు?" టాక్సీ అతన్ని అడిగాడు రుగాంబా.

"రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నర."

"ఎప్పుడు ఖాళీగా ఉంటుంది?"

"తెల్లవారుజామున."

నాలుగువందల కిలోమీటర్లు కూడా లేని ఆకాశం గంటలో దాటినవాడు, కంపాలాలో ఒక్క సిగ్నల్ దాటలేకపోయాడు. పైగా వాన. కారులోనే తెల్లటి పొడుగు కంజూ తొడుక్కుని, దిగి, కిరాయి మోటారు సైకిలెక్కాడు.

అక్కడ ముకోనోలో మేనత్త నకాయిజా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఏమే, ఆ ఏడుపు మొహమేంటి?"

"అతనింకా రాలేదత్తా. దారిలో ఉన్నాడు. నువ్వు వెళ్లి వెతికితే దొరకడు." ఇక దాచలేక చెప్పేసింది.

మేనత్త ఆమె గడ్డం వదిలింది. "వాడే కావాలా?"

"వాడే."

మేనత్త నడుం పట్టీ బిగించుకుని షామియానాలోకి నడిచింది. మొదటి వరసలోని కుర్రాణ్ణి లేపింది.

"పళ్లు చూపించు. ఊహూ, వీడు కాదు." ఇంకొకణ్ణి చూసింది. "ఈ చెవులు మా పిల్ల చెప్పలేదే." మూడోవాణ్ణి నడిపించి చూసింది. "ఇదేం నడక బాబూ, మా ఇంటికి పొద్దుగూకాక చేరతావు."

జనం పడీ పడీ నవ్వారు. రుగాంబా బాబాయి మాత్రం చెమట తుడుచుకుంటూ గేటువైపు చూస్తున్నాడు. ఆవిడ ఒక చుట్టు తిరిగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

మూడో చుట్టులో చివరి వరసలోకి ఒకడు వంగి దూరాడు. కంజూ మోకాళ్లదాకా ఎర్రమట్టి. మేనత్త తిన్నగా అతని ముందుకెళ్లి నిలబడింది.

"క్షమించండత్తా," గొణిగాడు.

"నాకు మోకాళ్ల నొప్పులు," ఆవిడా గొణిగింది. "అది నీకోసం ఏడ్చింది కాబట్టి తిరిగాను. లేకపోతే మొదటి చుట్టులోనే లేడని చెప్పేదాన్ని."

అతని గుండె మీద పువ్వు గుచ్చి, అందరివైపూ తిరిగింది.

"మా అల్లుడు ఇతనే," అంది గట్టిగా.

తెర చాటున నకాయిజా రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వుతోంది.