మొగుడి పేరు అడిగిన అమ్మాయి

రాఘవమ్మ మతి ఉన్నవాళ్ళకు లేదని రాసింది. లేని మనిషికి ఉందని రాసింది. ఈ విషయంలో హజరత్తయ్యకు ఏ అనుమానమూ లేదు. ఆమె మంచిదే కావచ్చు. రాసింది మాత్రం తప్పు.

అది అరవై నాలుగో సంవత్సరం, కార్తీకం వానలు. ఊరు విడవలూరుకు దిగువన ఉంది. కాలువ గట్టు మీద నిలబడితే ఒక పక్క నాట్లు పడుతున్న మళ్ళు, ఇంకో పక్క సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం చప్పుడు.

పల్లెల్లో మతి చలించినవాళ్ళు, ముసలితనంలో జ్ఞాపకం పోయినవాళ్ళు ఎందరున్నారో తేల్చాలని డాక్టరు సంజీవరావు నెల్లూరు నుంచి ఒక సర్వే మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆ సంగతి అడిగినవాడు లేడు. కలరా వస్తే సూది మందు పట్టుకుని వచ్చేవాళ్ళు. మశూచి వస్తే వచ్చేవాళ్ళు. మతి పోయిన మనిషి కోసం ఎవరూ రాలేదు. అలాంటివాళ్ళను ఇంటివాళ్ళు వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేసుకునేవాళ్ళు. ఊరు తెలియనట్టు ఊరుకునేది. ఊరుకోవడం ఊరికి బాగా చేతనవును.

ఆ సర్వే జీపులోంచి రాఘవమ్మ దిగింది. నీలం అంచు తెల్లచీర, చంకలో గొడుగు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. తుంపర పడుతుంటే గొడుగు విప్పి కాగితాలకు పట్టి, తాను తడిసింది. హజరత్తయ్య మొదట చూసింది అదే. తెలివి తక్కువ పిల్ల అనుకున్నాడు. అనుకుని మళ్ళీ చూశాడు.

అతను ఆ ఊరి రైతు, ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు. అందుకని ఇళ్ళు చూపించే పని అతని మీద పడింది. ఇల్లు చూపించి వీధిలో నిలబడేవాడు. లోపల ఆమె పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు అడిగేది.

ఎదురింటి కామమ్మ హజరత్తయ్యకు మేనత్త. ఆమె పాడి, ఆమె వాకిలి, ఆమె నోరు ఊరందరికీ తెలుసు. ఏ గేదె ఏ గేదెకు పుట్టిందో మూడు తరాలు చెప్పగలదు. రాఘవమ్మ అడిగినవాటికల్లా టకటకా జవాబులిచ్చింది. చివరికి, మీ ఆయన పేరేమిటి అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. ఆయన ఎదురుగా మంచం మీదే ఉన్నాడు కదా, ఆయన్నే అడుక్కోమంది. ఆయన చెప్పకూడదు, మీరే గుర్తు తెచ్చుకోవాలి అని రాఘవమ్మ ఓపికగా నచ్చజెప్పింది. మంచం మీద మాలకొండయ్య పెళ్ళాం అవస్థ చూసి, నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కామమ్మ చెప్పలేదు. రాఘవమ్మ రాసుకుంది.

వీధి వీధంతా అలాగే జరిగింది. ఏ ఆడమనిషీ చెప్పలేదు.

చివరికి హజరత్తయ్య ఇంటికి వచ్చింది. అతని తల్లి మస్తానమ్మ గడప మీద కూర్చుని ఉంది. మీ ఆయన పేరేమిటమ్మా అనగానే ఆమె ముఖం విప్పారింది.

“వెంకయ్య” అంది. “మా వెంకయ్యే. నువ్వు చూసినావా?”

రాఘవమ్మకు ప్రాణం లేచి వచ్చింది. మిగతా ప్రశ్నలు పైపైన అడిగి, ఈ ఊళ్ళో ఒక్కరన్నా చక్కగా చెప్పారని సంతోషంగా రాసుకుంది. హజరత్తయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నోరు మెదపలేదు.

మెదపకపోవడానికి కారణం ఉంది. వెంకయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆయన బతికున్నన్నాళ్ళు మస్తానమ్మ ఆ పేరు ఒక్కసారి పలకలేదు. పోయిన ఏడు చింతకాయల రోజుల్లో ఒక పొద్దున వాకిట్లోకి వచ్చి, “వెంకయ్యా, ఒరే వెంకయ్యా” అని వీధి అదిరేలా పిలిచింది. అప్పుడే హజరత్తయ్యకు సంగతి తెలిసిపోయింది. తరవాత ఆమె అన్నం తిన్న సంగతి మరిచింది, పొయ్యి మరిచింది, కొడుకును మరిచింది. మతి తప్పినవాళ్ళను సర్వే వాళ్ళు రాసుకుపోయి, వెనక వ్యాను పంపి మద్రాసు పిచ్చాసుపత్రికి ఎక్కిస్తారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. తల్లిని ఆ వ్యాను ఎక్కనివ్వకూడదు. అతనికి ఉన్న భయం అదొక్కటే.

జీపు డ్రైవరు, హెబ్రోను అనే అతను, టీ కొట్టు దగ్గర నోరు జారాడు. ఈ ఊరి ఆడవాళ్ళలో సగం మందికి మతి లేదని మా అమ్మగారు రాసిందని చెప్పి నవ్వాడు. కామమ్మ చెవిన పడింది. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు.

హజరత్తయ్య కాలువ గట్టు మీద రాఘవమ్మకు అడ్డం నిలబడ్డాడు. వాన పడుతోంది. గొడుగు యథాప్రకారం కాగితాల మీద ఉంది.

“మా అత్తకు మతి లేదని రాసినారంట.”

“మొగుడి పేరు చెప్పలేదండీ. నవ్వి నేల చూశారు. ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే అలాగే రాయాలి.”

“మీ ఇంట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పెట్టి పిలుస్తారా?”

“మా ఇల్లంటే హాస్టలే హజరత్తయ్యగారూ. అక్కడ ఎవరికీ మొగుళ్ళు లేరు.”

తన సంగతి ఆమే చెప్పింది. పుట్టింది దొరవారిసత్రం దగ్గర, రైతుల ఇంట్లోనే. తండ్రి పోతే తల్లి చంటిపిల్లను ఎత్తుకుని మద్రాసులో వితంతువుల హాస్టల్లో వంటకు చేరింది. పెరగడం, చదవడం అక్కడే. కొత్త పెళ్ళికూతుళ్ళు సిగ్గుకు పేరు చెప్పరని విన్నది కానీ, మనవళ్ళున్న ఆడవాళ్ళు కూడా చెప్పరని ఆమెకు తెలియదు.

“అయితే ఆ ప్రశ్న పెట్టినోడెవడో వాడికి మతి లేదని రాసుకోండి” అన్నాడు హజరత్తయ్య.

“పెట్టింది నేనే” అంది రాఘవమ్మ.

తప్పు జరిగితే చదువుకున్నవాళ్ళు మామూలుగా దాన్ని మోయడానికి ఇంకొకరిని వెతుక్కుంటారు. ఆమె వెతుక్కోలేదు. నెల్లూరు వెళ్ళి సంజీవరావుకు తానే చెప్పుకుంది. పని చేసిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరగాలంటే జీపు ఇవ్వనన్నాడు. జీపు లేకుండానే వచ్చింది. విడవలూరులో బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని బురదలో నడిచి వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి, నేను తప్పు రాశాను, క్షమించండి అని చెప్పి, వాళ్ళ ఎదుటే పాత రాత కొట్టేసింది. నీ పెద్ద కొడుకు పుట్టినప్పుడు ఏం పంట కోస్తున్నారు, నిన్న ఏం వండావు, ఈ గేదె ఎవరిచ్చింది అని కొత్తగా అడిగింది. కామమ్మ గేదెల వంశం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా ఆపలేదు. రాఘవమ్మ కదలకుండా విన్నది. అంతసేపు ఆ సంగతి విన్నవాళ్ళు ఊళ్ళో లేరు. మాలకొండయ్య కూడా వినలేదు.

ఆఖరికి హజరత్తయ్య వాకిట్లోకి వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

“ఊరంతా చెప్పని పేరు మీ అమ్మగారు ఒక్కరే చెప్పారు” అంది. “ఆవిడకు ఎన్నాళ్ళ నుంచి బాగాలేదు?”

దారంతా ఆలోచించుకుంటూ వచ్చి, తనంతట తానే పట్టేసింది. హజరత్తయ్యకు కోపం వచ్చింది. కోపం కింద ఇంకేదో కూడా వచ్చింది కానీ, అప్పుడు దాని జోలికి పోలేదు.

“బాగుందని రాసుకున్నారు గదా. ఆ ఒక్క తప్పు అట్లానే ఉండనీండి. మా అమ్మను వ్యాను ఎక్కించనీను.”

“వ్యాను లేదు, ఏమీ లేదు. ఎందరున్నారో తెలిస్తేనే మందో, సాయమో మీ దాకా వస్తుంది. లేరని రాస్తే ఎప్పటికీ రాదు. నేను అబద్ధం రాయలేను హజరత్తయ్యగారూ.”

ఇంతలో మస్తానమ్మ బయటికి వచ్చింది. వెంకయ్య ఏడీ అంది. రోజూ ఎన్నిసార్లు అడిగినా హజరత్తయ్య నిజమే చెప్పేవాడు. నాయన చచ్చిపోయినాడమ్మా అనేవాడు. ఆమె ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. ఇప్పుడూ చెప్పబోయాడు. రాఘవమ్మ ముందు అందుకుంది.

“దూడను తోలుకుని తోట వైపు పోయినాడంట. వస్తాడు. మనం కాసేపు ఆడుకుందాం రా.”

మస్తానమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గడప మీద కూర్చోబెట్టింది. ఇద్దరూ చింతపిక్కలు ఆడారు. మస్తానమ్మ గెలిచింది. ఏడాది తరవాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

“అబద్ధం రాయలేనంటిరి. చెప్పొచ్చా?” అన్నాడు హజరత్తయ్య.

“రాసేది డాక్టరుకు. చెప్పేది ఆమెకు. ఆమెకు ఇప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఆ పిల్లకు మొగుడు పోయాడని చెప్తారా?”

అరుగు మీద నుంచి కామమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంకయ్య ఆమె తమ్ముడు. మస్తానమ్మ వాళ్ళిద్దరికీ మేనమామ కూతురు, ఒకే వీధిలో పెరిగింది. “చిన్నప్పుడు పేరు పెట్టే పిలిచేది మే” అని రాఘవమ్మకు చెప్పింది కామమ్మ. “పెళ్ళి ఖాయమైన పొద్దు మా అమ్మ దాని మూతి మీద కొట్టింది, ఇంక ఆ పేరు ఎత్తొద్దని. ఆ దెబ్బ మరిచిపోయినట్టుండాది పాపం.”

హజరత్తయ్య ఉన్నదున్నట్టు రాసుకోమన్నాడు.

సంజీవరావు స్వయంగా వచ్చాడు. మస్తానమ్మ ఎదుట నేల మీద కూర్చుని మాట్లాడాడు. దీనికి మందు లేదని దాచకుండా చెప్పాడు. ఇంట్లో, అలవాటైన మనుషుల మధ్య ఉండడమే మేలన్నాడు. వ్యాను రాలేదు. అయితే మతి పోయిన మనిషి ఇల్లని కొందరు ఆ గడప తొక్కడం మానేశారు. వాళ్ళెవరో హజరత్తయ్యకు ఇప్పటికీ గుర్తే.

రాఘవమ్మ మానలేదు. ఆదివారం వస్తే విడవలూరు బస్సులో దిగేది. వాకిలి తడికకు గంట కట్టించింది. పొయ్యికి అడ్డం పెట్టించింది. మస్తానమ్మ చేతికి చాట ఇచ్చి పక్కన కూర్చునేది. తిన్న అన్నమే తినలేదని నాలుగుసార్లు పేచీ పెట్టినా, నాలుగుసార్లూ మొదటిసారి విన్నట్టే వినేది. హజరత్తయ్య మడకకు కర్రు బిగిస్తున్నట్టు, పలుపు పేనుతున్నట్టు దొడ్లో పని కల్పించుకుని అది చూసేవాడు. మనుషుల్లో ఇంత ఓపిక ఉంటుందని అతను అంతకు ముందు నమ్మలేదు. ఆ తరవాత కూడా ఇంకెవరిలోనూ చూడలేదు.

ఒకటి మాత్రం అతన్ని గుచ్చింది. సంక్రాంతి దాటాక ఆమె అతని పేరు పలకడం మానేసింది. కాలువ గట్టు మీద మాటకు ముందొకసారి, వెనకొకసారి హజరత్తయ్యగారూ అన్న మనిషే. ఇప్పుడు “ఇదుగో” అనేది. “మిమ్మల్నే” అనేది. ఒక్కోసారి గోడకు చెప్పినట్టు చెప్పేది. పల్లెటూరివాడని ఆమెకు తాను చులకనయ్యానని తేల్చుకున్నాడు. తేల్చుకున్నది మార్చుకునే అలవాటు అతనికి లేదు. ఆమె వస్తే పొలానికి పోవడం మొదలుపెట్టాడు.

కోతల రోజుల్లో సర్వే ముగిసింది. పై చదువుకు మద్రాసు పంపుతున్నారని, మర్నాడే ప్రయాణమని చెప్పడానికి ఆమె వచ్చింది. కామమ్మ అరుగు మీద వీధి ఆడవాళ్ళంతా చేరారు. మస్తానమ్మ చాట పట్టుకుని మధ్యలో కూర్చుంది. పొలం నుంచి వచ్చిన హజరత్తయ్య దూరంగా బండికి ఆనుకుని నిలబడ్డాడు.

“వెళ్ళేముందు ఒక మాట” అన్నాడు. “నా పేరు కూడా మర్చిపోయినట్టుండారు. అంత చేదైపోయిందా?”

కామమ్మ ఒకసారి రాఘవమ్మను చూసింది, ఒకసారి మేనల్లుణ్ణి చూసింది. ఆమె చేతిలోంచి అట్టా పెన్సిలూ లాక్కుంది. అక్షరం ముక్క రాకపోయినా ఒళ్ళో పెట్టుకుని సర్దుకుంది.

“కూర్చోమ్మే. నన్ను అడిగినావు గదా, ఇప్పుడు నేనడుగుతా. ఆ బండి కాడ నిలబడినోడి పేరేంది?”

రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం వచ్చింది. నేల చూసింది.

“గుర్తు తెచ్చుకో తల్లీ, తొందరేం లేదు” అన్నాడు మంచం మీద నుంచి మాలకొండయ్య.

“ఎదురుగానే ఉన్నారు కదా” అంది రాఘవమ్మ వినపడీ వినపడకుండా. “ఆయన్నే అడగండి.”

ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. కామమ్మ పెన్సిలు నాలుకకు అద్దుకుని కాగితం మీద ఇంత పొడుగు గీత గీసింది. “దీనికి మతి లేదు. రాసేసినా” అంది.

మస్తానమ్మకు నవ్వు ఎందుకో తెలియలేదు. చాట పక్కన పెట్టి, రాఘవమ్మ చెవి దగ్గరికి జరిగి, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

“ఇప్పుడే పిలుచుకో మే. పెళ్ళైతే కొడతారు.”

రాఘవమ్మ ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. చదువు ముగించుకుని ఏడాదికి వస్తానని, అప్పటిదాకా ఆదివారాలు చింతపిక్కలు ఎవరాడతారని అడిగింది. ఆ అడగడం హజరత్తయ్యను.

“నేనాడతా” అన్నాడు అతను.

బండి కట్టి ఆమెను విడవలూరు దాకా దించాడు. బస్సు కనిపించాక, ఇంకా ఆ రాత సంగతి మనసులో పెట్టుకున్నారా అని ఆమె అడిగింది.

“తప్పు తప్పే” అన్నాడు హజరత్తయ్య. “గానీ ఆ మాట ఇంక ఎత్తను.”

ఎత్తలేదు. ఆమె వచ్చాకా ఎత్తలేదు, పెళ్ళయ్యాకా ఎత్తలేదు. ఎవరైనా వచ్చి అసలు ఎలా కలిశారు మీరిద్దరూ అని అడిగితే, ఆ మాట ఎత్తాల్సి వస్తుందని లేచి దొడ్లోకి పోతాడు.