ఎర్రగుట్ట కావలి వంతు

"గొడ్డలి కింద పెట్టు."

నగేష్ వెనక్కి తిరిగాడు. గుట్ట కింద వాగు ఒడ్డున, వెదురు పొద పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఆమెకంటే పొడుగు కర్ర. ముసురుకు తడిసిన చున్నీ నెత్తి మీద.

"జెండాకు కర్ర కావాలె," అన్నాడు. "తెలంగాణ జెండాకు. నువ్వు తెలంగాణ దానివి కాదా?"

"తెలంగాణ దాన్నే. గీ వెదురు గూడ తెలంగాణదే. దీన్ని నరికి ఎవలకు తెస్తవు తెలంగాణ?"

మైకు పట్టుకుంటే భూపాలపల్లి ఉద్యమ శిబిరంలో చప్పట్లు కొట్టించే నగేష్ ఆ పూట గొడ్డలి ఆమె చేతిలో పెట్టి, వానలో నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

చిన్నప్పటి నుంచి హన్మకొండ హాస్టళ్లలో పెరిగినవాడు. సొంత ఊళ్లో ఎవరు ఎవరో తెలియదు. ఆమె పేరు ఎస్తేరు అనీ, అడవి కమిటీ పెద్దకు కూతురనీ తల్లి చెబితే తెలిసింది.

ఆ ఊళ్లో ఎర్రగుట్ట కావలికి జీతగాడు లేడు. ఇంటికో రోజు వంతు. గుట్ట తిరిగి వచ్చినవాళ్లు పొద్దుగూకే ముందు కావలి కర్రను పక్కింటి గుమ్మానికి ఆనించి పోతారు. కర్ర ఉన్న ఇంటివాళ్లు తెల్లారి గుట్ట ఎక్కాలి. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. ఎస్తేరు తాత మొదలుపెట్టిన పద్ధతి. బోడిగా మిగిలిన ఆ గుట్ట మీద మద్ది, ఇప్ప, తప్సి చెట్లు మళ్లీ లేచింది ఆ వంతుల మీదే. నెమళ్లు తిరిగొచ్చాయి. వాగు ఎండాకాలం దాకా పారింది.

గొడ్డలి వంకతో నగేష్ ఆమె ఇంటి చుట్టూ తిరిగాడు.

"గొడ్డలి ఇయ్యవా?"

"కమిటీ కాడుంది. పోయి అడుగు."

"కమిటీ అంటే మీ బాపే గద."

"అయితే బాపునడుగు."

"బాపును వేరేది అడుగుదామనుకున్న."

ఎస్తేరు వాకిలి ఊడ్చడం ఆపి, ఓరగా చూసింది.

"మీ ఇంటి వంతు వచ్చిన్నాడు నువ్వు పో. మైకు లేకుండ, చప్పట్లు లేకుండ, పొద్దంత ఒక్కనివే తిరుగు. పొద్దుగూకంగ వాగు కాడికి నేనొస్త. అప్పుడు ముందుగాల నన్నడుగు."

"మాట తప్పవు గద?"

"నువ్వు తప్పకు."

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు బావులు ఆగాయి. ఊరి మీటింగులో నగేష్ లేచాడు.

"అందరం శిబిరంల కూసోవాలె. సమ్మె అయ్యేదాక గుట్ట కావలి గూడ బంద్ పెడదాం. అయినంక మళ్ల షురూ చేద్దాం."

ఎస్తేరు లేచింది. "సమ్మె అని చంటిపిల్లకు పాలు బంద్ పెడ్తరా ఎవలన్న?"

"గుట్ట కోసం గింత పరేషాన్ ఎందుకు? చెట్లు లేచి నడిచిపోతయా?"

జనం నవ్వారు. ఆ నవ్వు నగేష్‌కు తీయగా ఉంది. ఆమె ముఖం వైపు చూడలేదు.

కావలి నడిచి ఉంటే అతని ఇంటికి వంతు వచ్చే రోజు, శిబిరంలో గడిచిపోయింది. ఆ రోజు అతని ఉపన్యాసం. ఎస్తేరు అర్థం చేసుకోదా అనుకున్నాడు.

సమ్మె ముగిసి వచ్చేసరికి వాగు ఒడ్డున మొద్దులు మిగిలాయి. ఎవరు నరికారో తెలియదు. లారీ టైర్ల జాడ మాత్రం ఉంది. విత్తనాలకని పెద్దలు వదిలిన ముసలి మద్దులు పోయాయి.

మొద్దులు మళ్లీ చిగురించాయి. వంతు చిగురించలేదు. కర్ర ఎవరి గుమ్మానికి ఆనించినా పక్కకు పడేశారు. "నిన్న వాళ్లు పోలె. నేనెందుకు పోవాలె?" ఆపడానికి ఒక్క మీటింగు చాలింది. మొదలుపెట్టడానికి ఎన్ని మీటింగులూ చాలలేదు.

ఎస్తేరు తిట్టలేదు. మానుకోటలో నర్సింగు చదవడానికి పోయింది. నగేష్ శిబిరాలు మాని, రోజూ ఒక్కడే గుట్ట తిరిగాడు. ఊరు అతన్ని చూసి నవ్వింది. నవ్వడం న్యాయమే.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో, ఊరంతా పటాకులు కాలుస్తుంటే, ఎస్తేరు వాగు దగ్గరికి వచ్చింది. సన్నగా వాన.

"జనగామ దవాఖానల కొలువు దొరికింది," అంది. "నువ్వు రోజూ తిరుగుతున్నవని బాపు చెప్పిండు."

"నీ కోసమే తిరుగుతున్న. అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుత. నన్ను చేసుకుంటవా?"

"మీ ఇంటి వంతు రోజు నేను ఈడికి వచ్చిన నగేష్. కావలి బంద్ ఉన్నా నువ్వొస్తవేమో అనుకున్న. చీకటి పడేదాక కూసున్న. అప్పుడు అడిగితే ఊ అనేదాన్ని."

"తప్పైంది. మాఫ్ చెయ్యి."

"నన్నొక్కదాన్ని అడిగితే ఎట్ల? ఊరందరిని ఆపినవు. ఇన్నేండ్లల్ల ఒక్క గుమ్మం కాడికన్న పోయి అడిగినవా?"

"అడగలే," అన్నాడు నగేష్.

"నాకు జనగామల సంబంధం కుదిరింది," అంది మెల్లగా.

చున్నీ నెత్తి మీదికి లాక్కుని వెళ్లిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని అతను చాలాసేపు నిలబడ్డాడు. చూడలేదు.

మర్నాడు పక్కింటి ఓదెమ్మ గడప ముందుకు వెళ్లాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, రేపు గుట్టకు నీ వంతు. పోతవా?"

"నీ మాట ఇనే బంద్ పెట్టినం. మళ్ల నీ మాటే ఇనాల్నా?"

"తప్పు నాదే అవ్వా."

"ఎస్తేరు వచ్చిందట గద. ఒప్పుకున్నదా?"

"లేదు. వేరే సంబంధం కుదిరిందట."

ఓదెమ్మ చేట కింద పెట్టింది. "మరి ఇంక ఎవలి కోసం తిరుగుతవు?"

"ఇయ్యాల పొద్దున గుట్టకు పోయొచ్చిన," అన్నాడు. "రేపు గూడ పోత."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"పిల్ల కోసం తిరుగుతున్నడనుకున్నం, ఊరంత," అంది. "రేపు నువ్వు ఇంట్ల ఉండు. నేను పోత."