పులుసు రేపటికి

"నిషా, ఆ మంట ఆర్పు మే! కంప్యూటరు అంటుకుంటే తీగల్లోకి పాకతాది, తీగల్లోంచి మీ నాయన దూది బస్తాలకు పాకతాది, తెల్లారేసరికి వీధిలో నిలబడతాం!"

వంటింటి గడపలో గరిటె పట్టుకుని అరిచింది బీజాన్.

నిషాత్ తల తిప్పలేదు. "అది బొమ్మ మంటమ్మా."

"బొమ్మదైతే? మంట మంటే!"

బీజాన్ భయపడని రోజు లేదు. మబ్బు పడితే ఉప్పెన అనుకుంటుంది. భర్త సైదులు పరుపుల అంగడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే లారీ గుద్దిందనుకుంటుంది. ఫోను మోగితే చెడు కబురు. మోగకపోతే, చెప్పలేనంత చెడు కబురు.

నిషాత్‌కు ఆరేళ్లప్పుడు బజ్జీల నూనె చిట్లి మణికట్టు మీద పడింది. ఇప్పుడా పిల్లకు ఇరవై మూడు. ఈనాటికీ పొయ్యి దగ్గరికి రానివ్వదు. బీకాం చదివింది, ఇంట్లోనే కూర్చుని నెల్లూరు ప్రెస్సుకు పెళ్లి కార్డులు డిజైన్ చేసి పంపిస్తుంది. టీ పెట్టడం మాత్రం రాదు.

అందుకేనేమో, కొత్తగా చేరిన ఆన్‌లైన్ ఆటలో "నువ్వు ఏ విద్య నేర్చుకుంటావు?" అని అడిగితే కత్తి వద్దంది, విల్లు వద్దంది, మంత్రాలు వద్దంది. వంట కావాలంది.

ఆ ఆట పేరు ఏడు రేవులు. ఎక్కడెక్కడి మనుషులో ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకే సముద్రం మీద ఓడలు నడుపుతారు. అందులో ఒక రేవు ఊళ్లో పండు ముసలి వంటగురువు ఉంది. ఆమెకు దండం పెడితే ఒక ఇనప పెనం, ఒక అగ్గిపెట్టె ఇచ్చి, "ముందు పది చేపలు మాడకుండా వేయించుకుని రా" అంది. నిషాత్ గాలం వేసి చేపలు పట్టింది. ఎండుపుల్లలు ఏరింది. పదిలో ఎనిమిది మాడ్చింది.

"మళ్లీ మాడిందమ్మా."

"నాకెందుకు చెబుతావు?" అంటూనే బీజాన్ దగ్గరికొచ్చింది.

వచ్చి, నిలబడిపోయింది.

ఇసక మీద చిన్న పొయ్యి. వెనకాల సముద్రం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కోడూరు సముద్రం చూస్తూనే ఉంది గానీ, ఎప్పుడూ పిల్లలను లెక్కపెట్టుకుంటూ చూసిందే తప్ప, సముద్రాన్ని సముద్రంలా చూడలేదు. ఇక్కడ మునిగిపోయే పిల్లలు లేరు. అలలు నీలంగా లేచి, వెండిగా విరిగి, చప్పుడు చేస్తూ వెనక్కి పోతున్నాయి. పెనంలో చేప చిటపటమంటోంది.

"కళ్లు మూసుకుని విను," అంది బీజాన్ మెల్లగా. "చిటపట గట్టిగా ఉంటే ముక్కలో ఇంకా నీళ్లున్నట్టు. ఆ... సన్నబడింది. ఇప్పుడు తిప్పు."

నిషాత్ తిప్పింది. బంగారు రంగులో మెరిసింది చేప. తెర మీద చిన్న నక్షత్రం వెలిగి, "వంట: రెండో మెట్టు" అని వచ్చింది.

"నూనె చప్పుడు గూడా పెట్టినారే!" బీజాన్ నోరు తెరిచింది. "ఈ ఆట చేసిన బిడ్డ ఎవరోగానీ, వాళ్లమ్మ వండుతుంటే పక్కన కూర్చుని విన్నాడు."

నెల తిరిగేసరికి నిషాత్ ఇరవయ్యో మెట్టు ఎక్కింది. నలభై మంది ఉన్న ఒక దండు ఆమెను వంటమనిషిగా చేర్చుకుంది. ఆ దండు కెప్టెన్ పేరు తుఫాను. పేరు వినగానే బీజాన్ రెండు చెవులూ మూసుకుంది. "పేరు పెట్టుకునేదానికి ఇంకేం దొరకలేదా?"

మొదటి పెద్ద యుద్ధం తిమింగలంతో. ఆ ఆటలో వండిన కూడు తింటే అరగంట సేపు ఒంట్లో మూడింతల బలం వస్తుంది. కొత్తగా నేర్చుకున్న పుల్లటి చేపల కూర కుండ నిండా చేసింది నిషాత్. ఇక "వడ్డించు" అనే మీట నొక్కడమే మిగిలింది.

"ఆగు," అంది బీజాన్. "పులుసు గదా అది? మూత పెట్టు. రేపటికి."

ఇరవై మూడేళ్లుగా ఆ వంటింటి మాట దాటని పిల్ల. మూత పెట్టేసింది.

వెనకాలే కూడు వస్తుందనుకుని పోయిన నలభై మంది నాలుగు నిమిషాల్లో చచ్చారు. ఆటలో చచ్చినవాళ్లు మళ్లీ లేస్తారు గానీ, కోపంతో లేస్తారు. మైకులో అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. తుఫాను మాత్రం అరవలేదు. రాశాడు.

"వంటమ్మా, బతికున్నావా? కూడు ఏది?"

"కుండలో ఉంది," అని రాసింది నిషాత్.

"అది కుండలో ఉంది, మేము తిమింగలం కడుపులో ఉన్నాం. ఎందుకని?"

"పులుసు చేసిన పూట ఎవరైనా తింటారా? ముక్కలకు పులుపు పట్టాలి. రేపు వడ్డిస్తా."

"ఇక్కడ గంట దాటితే కుళ్లిపోతాది తల్లీ." మళ్లీ ఒక వరస వచ్చింది. "ఉండు. నీది నెల్లూరు పక్కనా?"

"తోటపల్లి గూడూరు. నీకెట్లా తెలుసు?"

"ఆకలితో చచ్చేవాడి ముందర గూడా పులుసు కుండకు మూత పెట్టే మనుషులు ఇంకెక్కడుంటారు? నాది కొడవలూరు. మా అమ్మా ఇంతే."

నిషాత్ నవ్వింది. నవ్వుతూ చేయి అడ్డం పెట్టుకుంది. బీజాన్ అది చూసింది. మంట కంటే పెద్దదేదో ఇంట్లో అంటుకుంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం రాతలే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. బీజాన్ ఐదో తరగతి చదువుకు తెలుగు అక్షరాలే తెలుసు. అందుకని కూతురితో చదివించుకునేది.

"ఏం రాసినాడు?"

"ఉప్పు సరిపోయింది అంటున్నాడు."

"మూడు వరసలుంది మే! ఉప్పు మీద మూడు వరసలు రాసినాడా?"

"బాగా సరిపోయింది అంటున్నాడు."

నిషాత్ చెవులు ఎర్రబడటం చూసి బీజాన్ ఇంకేమీ అడగలేకపోయింది. కానీ ఒక సందేహం పట్టుకుంది. "అందరూ మైకులో అరస్తా ఉంటే, ఇతను మాత్రం నోరు తెరవడేంది? ముసలోడేమో. పళ్లు లేనోడేమో. గొంతు వింటే పోలీసోళ్లు గుర్తుపట్టే మనిషేమో."

"అమ్మా!"

"నేను చూసినాను టీవీలో. ఇట్లే మొదలవతాది."

ఇంకోసారి తిమింగలం మీదికి పోయిన సాయంత్రం బీజాన్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. నిషాత్ పొయ్యి వెలిగించి, కుండ దింపి, ఈసారి మీట నొక్కింది. నలభై మంది ఇసక మీద గుండ్రంగా కూర్చున్నారు. ఒకడు జపాన్ అట, ఒకామె బ్రెజిల్ అట, ఇద్దరు మద్రాసు అట. తిన్నవాళ్లు తిన్నట్టే ఒంటి నుంచి పచ్చటి వెలుగు చిమ్మారు. నలభై దీపాలు సముద్రం ఒడ్డున. అందరూ లేచి వంటమనిషి వైపు తిరిగి తల వంచారు. ఆఖరున తుఫాను ఒక మోకాలి మీద వంగాడు.

పొయ్యి దగ్గరికి రానివ్వని తన పిల్లకు ఇంతమంది దండం పెడుతున్నారు! బీజాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున్న, "టీ నువ్వే పెట్టు," అని కూతురికి అగ్గిపెట్టె ఇచ్చి, ఊపిరి బిగబట్టి పక్కన నిలబడింది.

కానీ భయం మాత్రం అట్లాగే ఉంది. "మనిషిని చూడాల్సిందే. ఇంటికి రమ్మను," అంది.

"వస్తా," అని రాశాడు. మొదటి ఆదివారం పని పడిందన్నాడు. రెండో ఆదివారం జ్వరమన్నాడు. మూడో ఆదివారం ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం నిషాత్ తనే ఒక వరస రాసి, కంప్యూటరు కట్టేసింది.

"ఏం రాసినావు?"

"మా అమ్మ చెప్పిందే నిజం, నువ్వు చెప్పుకునే మనిషివి కావు అని."

తన మాట నిజమైతే బీజాన్‌కు నిమ్మళంగా ఉండాలి. లేదు. పిల్ల అన్నం ముందు కూర్చుని లేస్తోంది. పెళ్లి కార్డుల్లో పూలు పెట్టడం మరిచిపోతోంది. ఏ ఉప్పెన వచ్చినా పిల్లను చంకనేసుకుని పరుగెత్తవచ్చు. దీన్నుంచి ఎటు పరుగెత్తేది?

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక సన్నగా తుప్పర మొదలైంది. తలుపు కొట్టిన చప్పుడు. బీజాన్ గొళ్లెం తీయకుండా కిటికీలోంచి చూసింది. తడిసిన చొక్కా, చేతిలో హెల్మెట్టు, పాతికేళ్ల కుర్రాడు.

"ఎవరు?"

పెదవులు కదిలాయి. మాట రాలేదు.

మూగవేషంతో వచ్చే దొంగల గురించి ఎప్పుడో విన్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది బీజాన్‌కు. కిటికీ రెక్క మూయబోయింది. అతను తొందరగా ఫోను తీసి ఊచలకు ఆనించాడు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు.

బీజాన్ ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ పైకి చదివింది. "నేను అక్బర్ అమ్మా. కొడవలూరు. ఆటలో తుఫాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని. నాకు నత్తి. నా పేరు చెప్పాలన్నా గొంతు పట్టేస్తాది. రెండుసార్లు మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోయినాను."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. నిషాత్ వచ్చి అమ్మ భుజం వెనక నిలబడింది. చూసింది. కళ్లలో నీళ్లు, నోట్లో నిప్పులు.

"ఈ మాట నాకు రాసుంటే ఏం పోయేది? నలభై మందిని తిమింగలం మీదికి తోలే మొనగాడివి, మా వీధి మలుపు తిరగలేకపోయినావా?"

అతను తల వంచుకుని టైపు చేసి మళ్లీ చూపించాడు. "తిమింగలం పేరు అడగదు గదా."

నిషాత్ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు.

బీజాన్ గొళ్లెం తీసింది. తువ్వాలు ఇచ్చింది. కుర్చీ వేసింది. తనకు తెలుగు అక్షరాలే వచ్చని కూతురు ఎప్పుడో చెప్పి ఉంటుంది. గుర్తు పెట్టుకుని, పెద్ద అక్షరాల్లో రాసుకొచ్చాడు. ముసలోడు కాదు. పళ్లన్నీ ఉన్నాయి. కుర్చీ అంచున కూర్చుని మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు, తనలాగే.

ఈ లోకంలో తనంత భయపడే మనిషి ఇంకొకరు ఉంటారని బీజాన్ అనుకోలేదు. అంత భయంతో కొడవలూరు నుంచి వానలో బండి తోలుకుని వచ్చాడు!

"నాయనా, పెద్దోళ్లు మాట్లాడుకునేది తర్వాత," అంది ఎదురుగా కూర్చుంటూ. "నేను ఒకటి అడగతా. ఆ ఫోను పక్కన పెట్టు. మా నిషా అంటే నీకు ఇష్టమేనా?"

అక్బర్ ఫోను బల్ల మీద బోర్లించాడు. నోరు తెరిచాడు. గొంతు దగ్గర నరం లేచింది. శబ్దం లేదు.

ఫ్యాను తిరుగుతోంది. తుప్పర రేకుల మీద సన్నగా పడుతోంది.

"అమ్మా, అతను..." అని నిషాత్ అందించబోయింది. బీజాన్ చెయ్యెత్తి ఆపింది. "అతని మాట అతన్ని చెప్పనీ."

బీజాన్ మౌనాన్ని ఎప్పుడూ ఖాళీగా వదిలిన మనిషి కాదు. ఎక్కడ నిశ్శబ్దం ఉంటే అక్కడ ఒక భయాన్ని పోసేది. ఇప్పుడు కూడా భయాలు నాలుక చివరి దాకా వచ్చాయి. ఒక్కొక్కదాన్నే మింగింది. చూస్తూ కూర్చుంది. అతను కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. మొదటి అక్షరం దగ్గర ఆగాడు, వెనక్కి పోయాడు, మళ్లీ వచ్చాడు. చెమట కణత మీద నుంచి దవడ దాకా జారింది. ఒక్క మాట కోసం ఒక మనిషి ఇంత కష్టపడటం బీజాన్ పుట్టి ఎరగదు. కడుగునీళ్లలా మాటలు పారబోసుకుంటూ బతికిన తనకు, ఆ కుర్చీలో ఎవరో బరువైన పడవను ఒంటరిగా ఒడ్డుకు లాగుతున్నట్టు కనిపించింది.

నిషాత్ గోడకు ఆనుకుని నిలబడింది.

వాన ఆగింది. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగి, దూరమైంది.

"చా... చానా," అన్నాడు అక్బర్. "చానా ఇ... ఇష్టం అమ్మా. ఆ... ఆమె గూడా... ఒప్పుకుంటే."